అమెరికా విశ్వవిద్యాలయాల్లో విద్యార్థుల పార్ట్‌టైమ్ పని

చదువుకుంటూ సంపాదించే విద్యార్థి ఎక్కడ, ఎన్ని గంటలు పనిచేయవచ్చన్న నియమాలు అమెరికాలో ఒక్కో కళాశాల ఆచారంగా మొదలై, 1930లలో ప్రభుత్వ విధానమయ్యాయి.

17వ శతాబ్దపు హార్వర్డ్‌లోనే గంట కొట్టి, తోటివారికి వడ్డించి ఫీజు భారం తగ్గించుకున్న పేద విద్యార్థులున్నారు. ఇంగ్లండ్‌లోని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో ఇలాంటివారిని సైజర్లు అనేవారు. 1661లో న్యూటన్ చేరింది ఆ తరగతిలోనే. తెలుగునాట వారాలు చేసుకుని చదివినవారి కడుపు నింపింది ఇళ్లవారి దయ. హార్వర్డ్, కేంబ్రిడ్జిల్లో మాత్రం ఆ అన్నం చాకిరీకి ప్రతిఫలం. 1837లో మేరీ లయన్ స్థాపించిన మౌంట్ హోలియోక్ మహిళా విద్యాలయంలో ఇంటిపని అందరికీ తప్పనిసరి. 1881లో మొదలైన టస్కీగీ విద్యాసంస్థలో నల్లజాతి విద్యార్థులు ఇటుకలు కాల్చి తమ భవనాలు తామే కట్టుకున్నారు. కెంటకీలోని బెరియా కళాశాల ఇప్పటికీ ట్యూషన్ ఫీజు తీసుకోదు; ప్రతి విద్యార్థీ వారానికి కనీసం 10 గంటలు పనిచేస్తాడు.

మహామాంద్యం కాలంలో డబ్బు లేక చదువు మానేసేవారు పెరిగారు. 1933 చివర మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో ప్రయోగంగా మొదలైన ప్రభుత్వ సాయం 1934లో దేశమంతా విస్తరించింది. 1935 జూన్ 26న అధ్యక్షుడు రూజ్‌వెల్ట్ నేషనల్ యూత్ అడ్మినిస్ట్రేషన్ అనే యువజన సంస్థను నెలకొల్పారు. జీతం ప్రభుత్వానిది, విద్యార్థుల ఎంపిక, పని కేటాయింపు కళాశాలలవి. ఊరికే ఇచ్చే ధర్మం కాకుండా పనికి వేతనంగా ఇవ్వడం ఈ పథకంలోని గొప్పతనం. డిగ్రీ విద్యార్థికి నెలకు సుమారు 15 డాలర్లు ముట్టేవి. మిషిగన్ విశ్వవిద్యాలయంలో భావి నాటకకర్త ఆర్థర్ మిల్లర్ ఆ డబ్బుకే ప్రయోగశాల ఎలుకలను సాకారు. నల్లజాతి విద్యార్థులకు ప్రత్యేక నిధి సాధించింది, ఆ సంస్థలో నల్లజాతి వ్యవహారాల విభాగాన్ని నడిపిన మేరీ మెక్‌లియోడ్ బెథ్యూన్. ఆమె పట్టుదల లేకపోతే వారి వాటా చాలా తక్కువగా ఉండేది. హైస్కూలు పిల్లలతో కలిపి 20 లక్షల మందికి పైగా లబ్ధి పొందాక, 1943లో సంస్థ మూతపడింది.

ఆ సంస్థకు టెక్సస్‌లో తొలి అధికారి లిండన్ జాన్సన్. శాన్ మార్కస్ కళాశాలలో ఆవరణ ఊడ్చి చదువుకున్న మనిషి ఆయన. అధ్యక్షుడయ్యాక 1964 ఆగస్టు 20న సంతకం చేసిన చట్టంతో, చదువుకుంటూ చేసే పనికి జీతమిచ్చే 'వర్క్-స్టడీ' పథకం మొదలైంది. మొదట్లో తరగతులు జరిగే వారాల్లో 15 గంటలే హద్దు. వేతనంలో 90 శాతం దాకా కేంద్రం భరించేది. 1965 నవంబరు 8న ఉన్నత విద్యా చట్టంపై సంతకానికి ఆయన ఎంచుకున్న చోటు తాను చదివిన ఆ కళాశాలే.

విదేశీ విద్యార్థులకు వర్క్-స్టడీ నిధులు వర్తించవు. అలాంటి పథకాలేవీ లేని 1923లో హార్వర్డ్‌కు వెళ్లిన శాస్త్రవేత్త యల్లాప్రగడ సుబ్బారావు రాత్రిళ్లు ఆస్పత్రిలో రోగుల మలమూత్రాల పాత్రలు కడిగి చదువు సాగించారు. ఇప్పుడు ఎఫ్-1 విద్యార్థి వీసాపై సెమిస్టరులో వారానికి 20 గంటల వరకే, అదీ క్యాంపస్‌లోనే పని. సెలవుల్లో పూర్తికాలం చేయవచ్చు. బయట పనికి ముందే అనుమతి కావాలి, లేకపోతే వీసా హోదాకే ముప్పు. తెలుగు విద్యార్థులు 'ఆన్‌క్యాంపస్ జాబ్' అని వెతుక్కునే లైబ్రరీ, డైనింగ్ హాల్ పనులే కాక టీచింగ్, రీసెర్చ్ అసిస్టెంట్‌షిప్‌లు కూడా ఆ 20 గంటల లెక్కలోకే వస్తాయి.