ఏలికపాము: ఒక రోగనామ చరిత్ర

మంచిర్యాల, రామగుండము, గోదావరిఖని ప్రాంతముల పాఠశాలలలో, దేశమందంతటివలెనే, పిల్లలకు క్రిములు పోవుటకై ఆల్బెండజోల్ మాత్ర నిచ్చుట శ్రోతలెఱిగినదే. 2015లో దేశమున మొదలైన ఈ కార్యక్రమమునకు తెలుగున 'నులిపురుగుల నిర్మూలన దినము' అని పేరు. నులిపురుగన్న సన్నని దారపు ముక్కవంటి క్రిమి. కాని ఆ మాత్రచే పోవు వానిలో జానెడు పొడవుగల ఏలికపాము ముఖ్యమైనది. చిన్నదాని పేరు పెద్దదానిని కూడ కప్పినది. వైద్యులు వాడు 'ఆస్కారియాసిస్' అను మాటయందును ఇట్టి వింతయే జరిగినది.

'ఆస్కారిస్' గ్రీకు పదము. 'ఇయాసిస్' రోగస్థితిని దెలుపు ప్రత్యయము. ఎగిరిపడుట యను నర్థముగల క్రియతో ఆ పదమునకు సంబంధము గలదని నిఘంటుకారు లందురు. ప్రాచీన గ్రీకు వైద్యులకు ఆస్కారిస్ అనగా గుదస్థానమున మెదలు చిన్న క్రిమి, అనగా మన నులిపురుగే. పెద్దదానిని వారు గుండ్రని పురుగని వేఱుగా బేర్కొనిరి. 1758లో స్వీడను దేశీయుడగు లిన్నేయసు రెంటిని ఆస్కారిస్ జాతియందే చేర్చెను. పిమ్మట శాస్త్రజ్ఞులు నులిపురుగును వేఱు జాతికి మార్చిరి. పేరు గలది తొలగిపోయెను. పెద్దదానికి పేరు మిగిలెను.

లిన్నేయసు దీనికి 'లుంబ్రికాయిడీస్' అను విశేషణము నిచ్చెను. వానపామును బోలినదని దాని యర్థము. వాగ్భటుడును క్రిములలో కొన్ని గండూపదమును, అనగా వానపామును, బోలియుండు ననెను. తెలుగువారును రెంటిని పాములనియే పిలిచిరి. పోలిక పైపైదే. ఏలికపాములలో ఆడుమగ భేదము గలదనియు, ఇది వానపాము కాదనియు 1683లో ఆంగ్ల వైద్యుడు ఎడ్వర్డు టైసన్ కోసి చూపెను.

ఆడుపురుగు దినమునకు రమారమి 2 లక్షల గ్రుడ్లు పెట్టును. అవి మలముతో నేలజేరి, కొన్ని వారములు పక్వమై, కడుగని చేతులవలనను కూరలవలనను నోటికి వచ్చును. 1922లో జపాను వైద్యుడు కోయినో తానే 2,000 గ్రుడ్లు మ్రింగి, పిల్లపురుగులు ఊపిరితిత్తుల మీదుగా పోవునని తన కఫమునందే కనుగొనెను.

గనికార్మికుల వ్యాధియని ఐరోపాలో పేరొందిన కొంకిపురుగు వేఱు. 1880 ప్రాంతమున గోథార్డు సొరంగపు కూలీలను పీడించిన దదియే. అది ముఖ్యముగా తడినేలనుండి పాదచర్మమును దొలుచుకొని ప్రవేశించును. కావున అన్నిటిని నులిపురుగు లన్నచో మాత్రకు లోటులేదు గాని జాగ్రత్తకు లోటు గలుగును. చెప్పులు కొంకిపురుగు నాపును, ఏలికపాము నాపవు. దానికి మరుగుదొడ్డియు, సబ్బుతో గడిగిన చేతులును వలయును. బిడ్డకు మాత్ర నిచ్చునపుడు తల్లిదండ్రులు ఈ భేదమును గుర్తుంచుకొందురుగాక.