ఎండకి రిజిస్ట్రేషన్ ఫీజు

మొన్న సంక్రాంతికి గురజాల వెళ్తే మా బాబాయి ఫోన్ నా చేతిలో పెట్టి, “ఇది నిజమేనంట్రా?” అన్నాడు. ఇంటిమీద సోలార్ పెట్టుకుంటే 78 వేలు సబ్సిడీ అని మెసేజ్. సబ్సిడీ మాట నిజమే. 2024లో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో 3 కిలోవాట్లకి ఇచ్చేది అంతే. కానీ ఆయన నమ్మలేదు. నమ్మడు కూడా. ఇంతకుముందు సోలార్ పంపు ఇప్పిస్తామని ఎవరో లింకు పంపితే, రిజిస్ట్రేషన్ ఫీజని ఐదు వేలు కట్టాడు. పంపు రాలేదు, ఫోనూ ఎత్తలేదు.

ఇది ఆయనొక్కడి కథ కాదు. రైతులకి సోలార్ పంపులిచ్చే పీఎం కుసుమ్ 2019లో వచ్చింది. నకిలీ వెబ్‌సైట్లకి డబ్బు కట్టొద్దని అదే ఏడాది మార్చిలో కేంద్ర పునరుత్పాదక ఇంధన శాఖ హెచ్చరించింది. 2020లో మళ్ళీ హెచ్చరించాల్సి వచ్చింది.

మన ఫీల్డులో తొలి స్పామ్‌గా చెప్పుకునేది 1978 మేలో డెక్ కంపెనీకి చెందిన గ్యారీ థ్యుర్క్ పంపిన మెయిలు. దాదాపు 400 మందికి వెళ్ళింది. తిట్లు పడ్డాయి. కానీ అందులోని కంప్యూటర్లు నిజంగానే ఉన్నాయి! అప్పటి గొడవ ‘అడక్కుండా ఎందుకు పంపావ్’ అని. ఇప్పటి గొడవ ‘ఇందులో ఏది నిజం’ అని.

2007లో డు నాట్ కాల్ రిజిస్ట్రీ వచ్చింది, 2018లో ట్రాయ్ కొత్త నిబంధనలు తెచ్చింది. అవి గోల తగ్గిస్తాయేమో గానీ, పోయిన నమ్మకాన్ని తేలేవు. అసలు నష్టం ఆ ఐదు వేలు కాదు, ఇప్పుడు వదులుకుంటున్న 78 వేలు.

పక్కనే రెంటచింతల. ఎండకి కరువా మనకి? ప్రభుత్వ పోర్టల్ తెరిచి చూపించా. బాబాయి నవ్వి, “వాళ్ళూ ఇట్టాగే చూపిచ్చార్రా” అన్నాడు.