మాయమ్మకు రావాల్సిన కూలి

ఆ మొద్దును జర ఎగదొయ్యిరా. పచ్చికట్టె ఎయ్యకు, పొగకు మీ అవ్వ లేసిపోతది.

గోడ మీది ఫొటో సూసి "ముసలమ్మ గంత కోపంగున్నదేంది తాతా" అంటివి గద. అది ఆధార్ కార్డు ఫొటో బిడ్డా. మాయమ్మ పోయినంక దాన్నే పెద్దగ జేయించి అద్దం కట్టించిన. అంతకుముందు ఆమెకు ఫొటోనే లేదు. ఆ దినం మిషిన్ ముందర కూసోబెట్టి, ఏలిముద్రలు పడ్తలెవ్వని మల్ల మల్ల ఒత్తిచ్చిండ్రు. రాళ్లు మోసిన ఏళ్లకు గీతలేడుంటయి? ఎన్నడో అరిగిపాయె. గా చిరాకు మొకంల ఉన్నది. మనిషి మాత్రం నగుమొకందే.

1948ల పోలీసు యాక్షన్ అయిన్నాటికి ఆమె బర్లు గాసే పిల్ల. రజాకార్ల ముచ్చట అడిగితే "జొన్నసేన్ల దాసుకున్నం" అని ఒక్కమాట జెప్పి ఊకునేది. సాగర్ ముచ్చట తీస్తే మాత్రం పొయ్యి మీద ఎసరు ఇంకిపోయినా సోయుండకపోయేది.

నందికొండ కాడ కృష్ణకు అడ్డంగ కట్ట కడ్తమని నెహ్రూ వచ్చి 1955 డిసెంబర్ 10 నాడు పునాదిరాయి ఏసిండు. మన దేవరకొండ దిక్కోల్లు, ఆ పక్క పాలమూరోల్లు గుంపులు గుంపులుగ పనికి పోయిండ్రు. గుంపుకొక మేస్త్రి. ఊర్లెనే ముందుగాల పైసలిచ్చి, కాయితం మీద ఏలిముద్ర ఏపిచ్చుకొని, పిల్లజెల్లతోని లారెక్కిచ్చేటోడు. పాలమూరు కూలంటే దేశమంత ఎరుకే. యాడ కాల్వ తవ్వాల్నన్నా, యాడ డ్యాము కట్టాల్నన్నా ఆల్లే. మా నాయినది గడ్డపార, మాయమ్మది తట్ట. నాకు ఊహ తెలిసిందే ఆ కూలోల్ల గుడిసెలల్ల.

గా కట్ట కాంక్రీటు పోసి లేపింది గాదు. రాయి మీద రాయి పేర్చి కట్టింది. పునాది కాడికెల్లి 124 మీటర్ల ఎత్తు. మిషిన్లు తక్కువ, మనుషులెక్కువ. ఏటవాలుగ మంచెలు కట్టి, వాటి మీదికెల్లి నెత్తిన మోసుకుంట ఒకరెనుక ఒకరు పైకి ఎక్కాలె. మాయమ్మ సుట్టబట్ట సుట్టుడు మీరు సూసి ఉండాల్సింది. పాత చీర కొంగు చింపి, జర తడిజేసి, గట్టిగ మెలేసి, ముడి నెత్తి నడిమిట్లకు రాకుండ చెవి దిక్కు పెట్టేది. తట్ట దించేటప్పుడు కుడిచేయి తట్ట మీద, ఎడమచేయి సుట్టబట్ట మీద. దాన్ని కింద పడనిస్తే ఒంగి తీసి, దులిపి, మల్ల సుట్టుకోవాలె. అందాక ఎనకున్నామె నెత్తిన బరువుతోని నిలవడాలె. "నా సుట్టబట్ట ఒక్కనాడు కిందవడలే" అని సచ్చేదాక జెప్పుకున్నది. దేనికీ గొప్పలు వోయిన మనిషి గాదు, గా ఒక్కదానికి తప్ప. నడినెత్తిన మాత్రం రూపాయి బిల్లంత జాగల ఎంటికలు మల్ల మొలవలే.

ఒక వానకాలం ముసురు వట్టి వారం రోజులు కట్ట మీద పని బందయింది. మాయమ్మోల్లను గుంతలల్ల నిండిన నీళ్లు ఎత్తివొయ్య వెట్టిండ్రు. లెక్క కాడికొచ్చేవరకు మేస్త్రి ఆ వారం కూలి కొట్టేసిండు, వానకు పని నడువలే అని. "మరి నేను తడిసింది దేనికి, తానానికా?" అని అడిగింది మాయమ్మ. ఆయన నవ్విండు. ఆ నవ్వు ఆయనకు మస్తు మోపయింది.

1967 ఆగస్టు 4న ఇందిరాగాంధీ వచ్చి కాల్వలకు నీళ్లిడిసింది. ఎడమకాల్వ మిర్యాలగూడ, హుజూర్‌నగర్ మీదికెల్లి ఖమ్మం దిక్కు పాయె, కుడికాల్వ గుంటూరు దిక్కు పాయె. మనది మిట్ట. కాల్వ నీళ్లు పల్లానికి పోతయి గని ఎత్తుకు ఎక్కుతయా? తట్ట మోసినోల్లు మల్ల ఎండిన బాయిల కాడికే వచ్చిండ్రు. ఎన్నో ఏండ్లకు మోటర్లు వెట్టి సాగర్ నీళ్లు అక్కంపల్లి దాక ఎత్తిండ్రు. 2004ల అందులకెల్లే హైదరాబాదుకు పైపులేసుకపోయిండ్రు. మన ఊర్లె ఫ్లోరైడ్ నీళ్లే. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటొద్దంటరు గని, తాగెటోనికి కొలిసేదెవ్వడు? పటిక, సున్నం కలిపి తేర్పుకొని తాగుమని సార్లు వచ్చి చెప్పిండ్రు, ఆ ఉపాయానికి నల్లగొండ పేరే వెట్టిండ్రు. మాయమ్మ జర దినాలు చేసింది, మల్ల ఇడిసిపెట్టింది. రాళ్ల మోతకు ఒంగని నడుము నీళ్లకు ఒంగింది. భగీరథ నల్లా ఆమె పోయినంక వచ్చింది.

ఒకసారి గేట్లెత్తిండ్రంటే ఆమెను సాగర్ తోలుకపోయిన. 26 గేట్లు. జనం జాతరలెక్క. మీ నాయిన అప్పుడు చిన్నోడు, "అవ్వా, నువ్వు మోసిన రాయేది" అన్నడు. "రాయి యాదికుంటదారా పిచ్చోడా, కూలి యాదికుంటది" అన్నది.

నిజంగనే యాదికుంది. దేవరకొండ అంగట్ల మేస్త్రి ఎదురువడ్డడంటే "నా వారం కూలేది మేస్త్రీ" అని పట్టుకునేది. పిల్లల పెండ్లిళ్లయినయి, ఆయన మేస్త్రీతనం బందువెట్టిండు, అయినా ఇడువలే. ఆయనా ఎన్నడు కోపానికి రాలే. "నడువు అక్కా" అని బస్టాండు కాడి హోటలుకు తోలుకపోయి చాయ్, బన్ను ఇప్పిచ్చేటోడు. మాయమ్మ బన్ను చాయ్ల ముంచుకొని తినుకుంట "ఇది మిత్తి. అసలు అట్లనే ఉన్నది" అనేది. ఇంటికాడ జొన్నరొట్టె తప్ప ఏదీ మనసువడి తినని మనిషి. మేస్త్రి పోయిన దినం పొద్దంత ఒర్రింది. "నా అప్పు ఎగ్గొట్టి పోతివి గదనే" అని శవం కాడ రాగమెత్తి ఏడ్సింది. నవ్వాల్నో ఏడ్వాల్నో ఎవలకు తెల్వలే.

తెలంగాణ వచ్చిన తెల్లారేడు మాయమ్మ పోయింది. రాత్రి బుక్కెడంత గట్క తాగి పండుకున్నది, తెల్లారి లేవలే. మూడొద్దులకు పిట్టకు పెట్టినం. ఇస్తార్ల కోడికూర, గారెలు, పుంటికూర, ముంతల కల్లు. అందరం ఎడంగ నిలవడ్డం. పిట్ట రాలే. ఎండ ముదురుతున్నది. మీ పెదతాత "నీ మనుమరాండ్ల పెండ్లి మంచిగ చేస్త తియ్యే" అని మొక్కిండు. ఇంకొకలు భూమి ముచ్చట తీసిండ్రు. మాయమ్మతోని కట్ట కాడ తట్ట మోసిన ముసలామె ఒకామె గట్టు మీద కూసున్నది. "ఓ పోరగాండ్లు, మిత్తి వెట్టిండ్రా" అని అరిసింది. చిన్నోడు సైకిలేసుకపోయి బన్ను వట్టుకొచ్చిండు. ఇస్తార్ల పెట్టి ఇటు మర్లినమో లేదో, కాకి వచ్చి బన్నే ఎత్తుకపోయింది. కాకికి బన్నంటే ఎప్పుడైనా ఇష్టమే గదా తాతా అంటవు. ఇష్టమే, ఎవరు కాదన్నరు? పెత్తరమాసకు మనింట్ల బియ్యమిచ్చినంక బన్ను పెట్టుడు అప్పటికెల్లే. మొన్న మీ నాయిన క్రీమున్నది తెచ్చిండు, అసొంటిది తేవొద్దని చెప్పిన.

దినాల నాడు మేస్త్రి కొడుకు వచ్చిండు. భోజనం చేసినంక నన్ను పక్కకు పిలిసి జేబుల చెయ్యి వెట్టిండు. "కాకా, మా నాయిన అవ్వకు బాకీ ఉండెనంటరు. నా తోని కానీ. ఎంతుంటది?"

నేను మా అక్క దిక్కు సూసిన, అక్క ముసలామె దిక్కు సూసింది. ఏండ్లకేండ్లు అడిగింది గని, ఎంతన్నది మాయమ్మ ఎవలకూ చెప్పలే. మేస్త్రి ఎన్నడు అడుగలే. "లెక్క ఆల్లిద్దరికే ఎరుక బిడ్డా, చాయ్ తాగిపో" అన్న.