కాలసంఖ్యకు చోటు చాలనప్పుడు: కోరుమిల్లి శాసనం, నందన కరువు, 2038

రాజమహేంద్రవరం నుంచి వేంగిని పాలించిన రాజరాజ నరేంద్రుని పట్టాభిషేక కాలాన్ని కోరుమిల్లి తామ్రశాసనం శకవర్షంలో చెప్పింది. అందులోని వేద, అంబురాశి, నిధి అనే మాటల విలువలు వరుసగా 4, 4, 9. ఒకట్ల స్థానం నుంచి ఎడమకు పేర్చితే శకం 944, అంటే క్రీ.శ. 1022. దక్షిణాది గణనలో అది దుందుభి. శాసనకర్త ఆ పేరుతోనే సరిపెట్టి ఉంటే 1082నూ 1142నూ కూడా పరిశీలించవలసి వచ్చేది.

ప్రభవాది చక్రంలో అరవయ్యవదైన అక్షయ తర్వాత మళ్లీ ప్రభవే వస్తుంది. దీన్ని పూర్వుల అజ్ఞానమనడం తొందరపాటు. ఒక మనిషి ఆయుర్దాయానికి అరవై చాలు. షష్టిపూర్తి పండుగ చేసేది ఆ ఆవృత్తినే. ఏ ఆవృత్తమో ఎరిగినవారు పోయి, రాత మాత్రం మిగిలినప్పుడే చిక్కు.

యునిక్స్ కాలగణనలోని చిక్కూ ఇదే. అది 1970 జనవరి 1 నుంచి సెకన్లను లెక్కిస్తుంది. ధన, రుణ విలువలు రెండూ పట్టే 32 బిట్ల పూర్ణాంకానికి గరిష్ఠ విలువ 2,147,483,647. భారత కాలమానంలో 2038 జనవరి 19 ఉదయం 8:44:07కు అది నిండుతుంది. మరుసటి సెకనుకు సంఖ్య రుణాత్మకమై తేదీ 1901 డిసెంబరుకు పోతుంది. విరుగుడు 64 బిట్ల సంఖ్య. ఓపెన్‌బీఎస్‌డీ 2014లో 5.5 విడుదలతో ఆ మార్పు చేసింది; 32 బిట్ల యంత్రాలపై లినక్స్‌కు 2020 నాటి 5.6 కెర్నెల్‌తో ఆ వీలు కలిగింది. అయితే కెర్నెల్‌లో చోటు పెంచడంతో పని ముగియదు. ప్రోగ్రాములో మధ్యనున్న ఒక్క చరరాశి 32 బిట్లదైనా పై సగం రాలిపోతుంది. డిస్కుపై తేదీలు రాసే పద్ధతి కూడా మారాలి: ఎక్స్‌ఎఫ్‌ఎస్ ఫైలు వ్యవస్థలో ఆ పరిధి 2038 నుంచి 2486కు పెరిగింది 5.10 కెర్నెల్‌తోనే. అప్పటికే ఏర్పరచిన డిస్కులు వాటంతట అవి మారవు.

శకసంఖ్య ఎంత విశాలమైనా జనవ్యవహారం సంవత్సరనామాన్ని విడువలేదు. 1832–33లో గుంటూరు ప్రాంతాన్ని పీడించి గోదావరి మండలాన్నీ తాకిన క్షామం నందన కరువుగానే గుర్తుండిపోయింది. నందన 1892లోనూ 1952లోనూ 2012లోనూ తిరిగి వచ్చింది. ఆ కరువుకు పై అంకెలను సమకూర్చినవి కంపెనీ రెవెన్యూ కాగితాలు. డెల్టాలోని ఏ ఇంటి కాగితంలోనైనా నందన అన్న పేరొక్కటే ఉంటే ఆ ఆధారం దొరకదు. ధవళేశ్వరం ఆనకట్ట పని 1847లో మొదలైంది; కాబట్టి ఆనకట్టకు ముందన్న మాట కలిస్తే 1892 తొలగిపోతుంది. 1772 మాత్రం మిగులుతుంది; దాన్ని దస్తూరీతో, కాగితంతో తేల్చవలసిందే.