గేమ్‌ప్యాడ్ (ఎమ్యులేటర్ ఆటలు)

గేమ్‌ప్యాడ్ అనేది వీడియో గేములు ఆడుటకు రెండు చేతులతో పట్టుకొనే సాధనము. సాధారణంగా ఎడమ బొటనవేలు దిశను, కుడి బొటనవేలు దూకడం, కొట్టడం వంటి చర్యలను చూసుకొంటాయి. పాత కన్సోళ్ళ ఆటలను కంప్యూటరులో గాని, ఫోనులో గాని నడిపించే ప్రోగ్రామును ఎమ్యులేటర్ అంటారు. ఎమ్యులేటర్ కన్సోలు పనిని అనుకరించగలదు గాని, ఆ కన్సోలుతో వచ్చిన ప్యాడును చేతికి అందించలేదు. అందువలన ఒక ఆట సుఖంగా ఆడగలగడం ప్యాడు ధర కంటే, అసలు కన్సోలు మీటల అమరికకు అది ఎంత దగ్గరగా ఉన్నదనే దానిపై ఎక్కువగా ఆధారపడుతుంది.

ఆంధ్రదేశంలో

1990వ దశకంలో తెలుగు ఇళ్ళలో "వీడియో గేమ్" అంటే చాలావరకు నింటెండో వారి ఫ్యామికామ్ (1983)కు అనధికార నకలు యంత్రమే. దానిలో పెట్టే కార్ట్రిజ్‌ను పిల్లలు "క్యాసెట్" అనేవారు. సూపర్ మారియో బ్రదర్స్ (1985), కాంట్రా వంటి ఆటలు అలా పరిచయమైనవే. అసలు ఫ్యామికామ్ ప్యాడుపై చర్యల కోసం ఎ, బి అనే రెండు మీటలే ఉండేవి. చాలా నకళ్ళలో వాటికి తోడు మరో రెండు "టర్బో" మీటలు ఉండేవి. టర్బోను నొక్కి పట్టుకొంటే చాలు, తుపాకి ఆగకుండా పేలుతుంది. ఇది ఆటలో మోసమని కొందరు అనవచ్చును గాని, బొటనవేలికి మాత్రం మేలే చేసింది.

ప్లేస్టేషన్ 2 కాలానికి ఆటల తయారీ కూడా హైదరాబాదుకు చేరింది. 2009లో విడుదలైన "హనుమాన్: బాయ్ వారియర్"ను హైదరాబాదుకు చెందిన అరోనా టెక్నాలజీస్ తయారుచేసింది. భారతదేశంలో తయారైన తొలి ప్లేస్టేషన్ 2 ఆటగా దీనికి పేరున్నది. దేవుణ్ణి ఆటగాడు మీటలతో ఆడించడం తగదని అమెరికాలోని రాజన్ జెడ్ అప్పట్లో అభ్యంతరం తెలిపారు. హైదరాబాదులోనే గేమ్‌శాస్త్ర సంస్థ రూపొందించిన "దేశీ అడ్డా" (2009)లో కబడ్డీ, కర్రాబిళ్ళ, గాలిపటాల పోటీ వంటి ఆటలున్నాయి. ప్లేస్టేషన్ 2 తయారీ 2013 జనవరి నాటికి ఆగిపోయింది. యంత్రం పాడైనవారికి తమ వద్దనున్న డిస్కును ఆడుకొనుటకు పిసిఎస్‌ఎక్స్2 వంటి ఎమ్యులేటర్ ఒక దారి.

విజయవాడలో గవర్నర్‌పేట, అందులోని బీసెంట్ రోడ్డు పేరుపొందిన వ్యాపార ప్రాంతాలు. ఇటువంటి పట్టణ కేంద్రాలలో అమ్మే చవక యు.ఎస్.బి. ప్యాడులు ఎక్కువగా ప్లేస్టేషన్ 2 ప్యాడు ఆకారాన్ని పోలి ఉంటాయి. కొన్నిటి మీటలపై బొమ్మలకు బదులు 1, 2, 3, 4 అంకెలే ముద్రించి ఉంటాయి. "అనలాగ్" లేదా "మోడ్" అనే మీట నొక్కితే కర్ర, దిశామీటల పని మారిపోతుంది. కొత్తగా కొన్నవారు ప్యాడు చెడిపోయిందనుకొనేది తరచుగా దీనివల్లనే.

దిశామీట

ప్లస్ గుర్తు ఆకారంలోని దిశామీట (డి-ప్యాడ్)ను నింటెండో ఇంజనీరు గున్‌పే యొకొయ్ రూపొందించాడు. అది 1982లో డాంకీ కాంగ్ చేతి ఆటతో మార్కెట్లోకి వచ్చింది. దీనిపై నింటెండోకు పేటెంటు ఉన్నందున ఇతర కంపెనీలు వేరు రూపాలు వెతుక్కొన్నాయి. సెగా గుండ్రని పళ్ళెం వంటి మీటను, సోనీ నాలుగు ముక్కలుగా కనిపించే మీటను వాడాయి. ఆ పేటెంటు గడువు 2005లో తీరింది.

పాత రెండు కొలతల (2డి) ఆటలకు దిశామీట ఎక్కడున్నదనేది ముఖ్యం. ప్లేస్టేషన్ తరహా ప్యాడులో అది పైన, బొటనవేలు సహజంగా ఆనే చోట ఉంటుంది. ఎక్స్‌బాక్స్ తరహాలో ఆ చోటును అనలాగ్ కర్ర ఆక్రమించి, దిశామీట కిందికి దిగుతుంది. గంటసేపు మారియో ఆడితే వేలు లోపలికి వంగి ఉండవలసి రావడం వలన తేడా తెలుస్తుంది. మూడు కొలతల (3డి) ఆటలలో కర్రే ప్రధానం కనుక ఎక్స్‌బాక్స్ అమరికదే పైచేయి.

చవక ప్యాడుల ముఖ్యలోపం మూలలు. పైకి నొక్కినపుడు పక్క దిశ కూడా పడుతుంటే నిచ్చెనలెక్కే ఆటలు, ఫైటింగ్ ఆటలు ఆడలేము. విండోస్‌లోని గేమ్ కంట్రోలర్ల పరీక్ష పేజీ తెరచి, నాలుగు దిశలూ ఒక్కొక్కటిగా గట్టిగా నొక్కి చూస్తే ఇది దుకాణంలోనే బయటపడుతుంది.

మీటల పేర్లు, స్థానాలు

అయోమయమంతా అక్షరాల వద్దే మొదలవుతుంది. సూపర్ నింటెండో (1990) ప్యాడులో కింది మీట బి, కుడి మీట ఎ. ఎక్స్‌బాక్స్ ప్యాడులో కింది మీట ఎ, కుడి మీట బి. ఎక్స్, వై మీటలు కూడా ఇలాగే తారుమారు. కాబట్టి ఎమ్యులేటర్‌లో అక్షరానికి అక్షరం కాక, స్థానానికి స్థానం జతపరచాలి. రెట్రోఆర్క్ అనే ప్రోగ్రాము "రెట్రోప్యాడ్" అనే ఊహాప్యాడును మధ్యవర్తిగా పెట్టుకొని ఈ పనిని సులభం చేసింది.

ఫ్యామికామ్ ఆటలకు మరో చిక్కు ఉన్నది. మారియో పరుగెత్తుటకు బిని నొక్కి ఉంచి, అదే వేలి కణుపుతో ఎని తాకి దూకించాలి. అంటే ఆ రెండు మీటలు ఒకే వేలి కిందికి రావాలి. ఎక్స్‌బాక్స్ ప్యాడులో బి పనిని ఎడమ మీటకు, ఎ పనిని కింది మీటకు ఇస్తే వేలు ఏటవాలుగా సుఖంగా ఆనుతుంది. సూపర్ నింటెండోలో వచ్చిన మారియో ఆటలు కూడా ఇదే అమరికను వాడాయి.

సెగా మెగా డ్రైవ్ (1988) మూడు మీటలు ఒకే వరుసలో ఉంటాయి. వీటిని వజ్రాకారపు నాలుగు మీటలపై సర్దడం రాజీయే. ఆరు మీటల స్ట్రీట్ ఫైటర్ 2ను సూపర్ నింటెండోలో ఆడేటప్పుడు బలమైన దెబ్బలు భుజాల మీటలకు పోతాయి. రెండు వరుసల్లో ఆరు మీటలుండే సెగా తరహా ప్యాడు దీనికి ఎంతో మేలు. నింటెండో 64 (1996) విషయంలో దేనికీ పూర్తి పొంతన కుదరదు. దాని నాలుగు "సి" మీటలను కుడి కర్రకు ఇస్తారు గాని, మీటగా నొక్కవలసిన చోట కర్రను తోయడం ఇబ్బందే. ప్లేస్టేషన్ 2 మీటలు ఎంత గట్టిగా నొక్కారో కూడా పసిగట్టేవి. నేటి ఎక్స్‌బాక్స్ ప్యాడు మీటలకు ఆ శక్తి లేదు. అందుకే పిసిఎస్‌ఎక్స్2లో మెల్లగా నొక్కినట్లు చూపుటకు ప్రత్యేకంగా ఒక మీటను కేటాయించుకొనే వీలు కల్పించారు.

చేతుల ఆరోగ్యము

1990లో ఒక అమెరికా వైద్య పత్రికలో "నింటెండినైటిస్" పేరుతో ఒక లేఖ వెలువడింది. ఎడతెగకుండా ఐదు గంటలు ఆడిన 35 ఏళ్ళ స్త్రీకి కుడి బొటనవేలి వద్ద తీవ్రమైన నొప్పి వచ్చిన సంగతి అందులో ఉన్నది. 1990ల చివర మారియో పార్టీ ఆటలో నింటెండో 64 కర్రను అరచేతితో గిరగిరా తిప్పిన పిల్లల చేతులు బొబ్బలెక్కాయి. 2000లో న్యూయార్క్ అటార్నీ జనరల్‌తో కుదిరిన ఒప్పందం ప్రకారం నింటెండో చేతితొడుగులు అందించింది. ఎమ్యులేటర్‌లోనైనా ఆ ఆటను అరచేతితో కాక బొటనవేలితో ఆడటమే క్షేమం.

అరచేతి పరిమాణం కూడా లెక్కలోకి వస్తుంది. పక్కలకు పిడులు లేని దీర్ఘచతురస్రపు ప్యాడు పిల్లల చేతికి సరిపోతుంది గాని, పెద్దల అరచేతిలో దాని అంచులు గుచ్చుకొంటాయి. కృష్ణా డెల్టా వంటి ఉక్కపోత ప్రాంతాలలో పూత రకాన్ని కూడా గమనించాలి. మెత్తని రబ్బరు పూత వేడికి, తేమకు కొన్నేళ్ళలో జిగటగా మారుతుంది. గరుకు ప్లాస్టిక్కు చెమటను ఓర్చుకొంటుంది, తడిగుడ్డతో తుడిస్తే శుభ్రపడుతుంది.

శారీరక కదలికలు పరిమితంగా ఉన్నవారి కోసం మైక్రోసాఫ్ట్ 2018లో ఎక్స్‌బాక్స్ అడాప్టివ్ కంట్రోలర్‌ను విడుదల చేసింది. దానికి పెద్ద మీటలు, కాలి పెడళ్ళు విడిగా తగిలించుకోవచ్చును. మీటల పనులను ఇష్టప్రకారం మార్చే సౌకర్యం ఎమ్యులేటర్లలో మొదటినుండీ ఉన్నందున, కన్సోలుపై ఆడలేకపోయిన పాత ఆటలను కూడా వారు దీనితో ఆడుకోగలరు.