విభజన సంప్రదింపులలో మద్రాసు షరతు: ప్రకాశం అసమ్మతి పత్రం – పునఃపరిశీలన

విడిపోవడానికి అంగీకారం కుదరడం వేరు, ఏ షరతులపై విడిపోవాలో తేలడం వేరు. 2016 నాటి ప్రజాభిప్రాయ సేకరణ తరువాత బ్రిటన్ ఈ తేడానే చవిచూసింది. ఐరోపా సమాఖ్య నుండి వైదొలగాలన్న తీర్పు ఒక్క రోజు ఓటింగుతో తేలినా, ఉత్తర ఐర్లండు సరిహద్దు వంటి చిక్కుముడులపై వాదోపవాదాలతో 2020 జనవరి 31 దాకా ఆ దేశం బయటపడలేకపోయింది. సంప్రదింపులను ప్రభుత్వం నడిపిన తీరే అక్కడ ప్రధాన వివాదమైంది. మద్రాసు రాష్ట్రం నుండి ఆంధ్ర వేరుపడిన కాలంలో, 1949–53 మధ్య, తెలుగువారు ఎదుర్కొన్న ప్రశ్న కూడా ఇటువంటిదే.

ఈ వాదంలో గుంటూరు సీమ పాత్ర ప్రత్యేకమైనది. తొలి ఆంధ్ర మహాసభ 1913లో జరిగింది బాపట్లలోనే. ఆ ఉద్యమ పెద్దలలో ఒకరైన కొండా వెంకటప్పయ్య గుంటూరువారు. టంగుటూరి ప్రకాశం పుట్టిన వినోదరాయునిపాలెం నేటి ప్రకాశం జిల్లాలోది. ఆ జిల్లా అప్పటికి లేదు. ఒంగోలు, చీరాల గుంటూరు జిల్లాలోను, కనిగిరి, కందుకూరు నెల్లూరు జిల్లాలోను, మార్కాపురం కర్నూలు జిల్లాలోను ఉండేవి. పత్తి, మిరప, పొగాకు పండే ఈ మైదానాన్ని తెనాలి, బాపట్ల, ఒంగోలు మీదుగా పోయే రైలుమార్గం మద్రాసుతో కలిపింది. పెద్ద చదువుకైనా, పెద్ద కోర్టు వ్యాజ్యానికైనా ఆ రైలే ఎక్కాలి. కనుక మద్రాసును వదులుకోవడమంటే ఇక్కడివారికి పటం మీద గీత చెరపడం మాత్రమే కాదు.

1949 ఏప్రిల్‌లో వెలువడిన జవాహర్‌లాల్, వల్లభభాయ్, పట్టాభిల సంఘ నివేదిక ఆంధ్ర రాష్ట్రానికి దారి తెరిచింది. కాని మద్రాసు నగరంపై హక్కును వదులుకోవాలన్నది అందులోని షరతు. బేరసారాలలో చివర తేలవలసిన అంశాన్ని ప్రవేశ రుసుముగా మార్చడం ఈ పద్ధతిలోని అసలు లోపం. తరువాత మద్రాసు ప్రభుత్వం ముఖ్యమంత్రి కుమారస్వామి రాజా అధ్యక్షతన విభజన సంఘాన్ని నియమించింది. బెజవాడ గోపాలరెడ్డి, కళా వెంకటరావు, నీలం సంజీవరెడ్డి, ప్రకాశం ఆంధ్రుల పక్షాన అందులో సభ్యులు. ఆ సంఘం బల్ల ముందు కూర్చొనేసరికే ప్రధానాంశంలో నిర్ణయం జరిగిపోయింది.

ప్రకాశం దానిని అంగీకరించలేదు. మద్రాసు నగరం, కొత్త రాష్ట్రానికి రాజధాని అన్న విషయాలపై అసమ్మతి పత్రం రాశారు. ఏకాభిప్రాయం లేదన్న కారణంతో ప్రభుత్వం ప్రయత్నాన్ని విరమించింది. 1950 జనవరి 26 నాటికి రాష్ట్రం ఏర్పడుతుందన్న ఆశ అడుగంటింది. చేతికందిన రాష్ట్రాన్ని ఆయన చేజార్చారని ఒక వర్గం నాడే విమర్శించింది. ఆ విమర్శ నేటికీ వినిపిస్తుంది. అయితే ఎనిమిది మంది సభ్యుల సంఘంలో ఒకరి అసమ్మతే మొత్తం పనిని ఆపగలిగిందంటే, బాధ్యతను ఆ ఒక్కరికే అంటగట్టడం సబబు కాదు. తనకు అనుకూలమైన చోట షరతు విధించిన ప్రభుత్వం, చిక్కు వచ్చిన చోట ఏకాభిప్రాయాన్ని అడ్డం పెట్టుకుంది. పోతే, ప్రకాశం వాదానికీ ఒక బలహీనత ఉంది. తమిళులు అధికసంఖ్యలో ఉన్న నగరాన్ని ఏ బలంతో రాబట్టగలమన్న ప్రశ్నకు ఆయన వద్ద ఆచరణయోగ్యమైన సమాధానం కనిపించదు.

ఆ పైన వాదం సంఘాల గదులు దాటింది. గుంటూరు జిల్లా వినయాశ్రమానికి చెందిన స్వామి సీతారాం, అనగా గొల్లపూడి సీతారామశాస్త్రి, 1951 ఆగస్టు 15న నిరశన ప్రారంభించి, 35 రోజుల తరువాత వినోబా భావే విజ్ఞప్తిపై విరమించారు. 1952 ఎన్నికలలో ఆంధ్ర ప్రాంతపు 140 శాసనసభ స్థానాలలో కాంగ్రెసుకు దక్కినవి 43 మాత్రమే. విభజన సంఘంలోని గోపాలరెడ్డి, కళా వెంకటరావు, సంజీవరెడ్డి ముగ్గురూ ఓడిపోయారు. ఆహార కొరత, కంట్రోళ్లు, భూమి సమస్య కూడా ఈ ఫలితానికి కారణాలే. దానిని మద్రాసు షరతుపై తీర్పుగా మాత్రమే చదవడం అతివ్యాప్తి అవుతుంది. అదే ఏడాది అక్టోబరు 19న మద్రాసులో నిరశన పూనిన పొట్టి శ్రీరాములు డిసెంబరు 15న అసువులు బాశారు. నాలుగు రోజులకే నెహ్రూ రాష్ట్ర ప్రకటన చేశారు, మద్రాసు నగరాన్ని మినహాయించి.

అప్పటికి మిగిలిన ఆశ తాత్కాలిక రాజధాని ఒక్కటే. కొన్నేళ్లపాటు మద్రాసులోనే దానిని ఉంచవచ్చని జస్టిస్ వాంఛూ సూచించినా, రాజాజీ ప్రభుత్వం ఒప్పుకోలేదు. 1953 మార్చిలో నెహ్రూ రాజధాని ఆంధ్ర సరిహద్దుల లోపలే ఉండాలని తేల్చారు. అంటే, మూడేళ్ల ఆలస్యం తరువాత దక్కిన రాష్ట్రం మద్రాసు విషయంలో 1949 నాటి షరతుకు లోబడినదే. ప్రకాశం అడిగినది దక్కలేదు. ప్రభుత్వం పట్టిన పట్టు మాత్రం ఒక ప్రాణం పోయిన తరువాత కూడా సడలలేదు.

రాజధాని ఎక్కడన్న చర్చలో కమ్యూనిస్టులు విజయవాడ–గుంటూరును ప్రతిపాదించగా, ఎన్.జి.రంగా పక్షం తిరుపతిని కోరింది. 1937 శ్రీబాగ్ ఒడంబడిక ప్రకారం రాజధాని, హైకోర్టులలో ఒకదానిని ఎంచుకొనే హక్కు రాయలసీమది. ఆ మాటకు కట్టుబడి కర్నూలును నిర్ణయించారు. 1953 అక్టోబరు 1న అక్కడే ప్రకాశం తొలి ముఖ్యమంత్రిగా ప్రమాణం చేశారు. నాలుగేళ్ల క్రితం ఏ రాష్ట్రాన్ని అడ్డుకున్నారని నిందపడ్డారో, దాదాపు ఆ ఎల్లలతోనే ఏర్పడిన రాష్ట్రానికి ఆయన నాయకుడయ్యారు. వ్యాజ్యాల కోసం మద్రాసు రైలెక్కిన గుంటూరుకు 1954 జూలై 5న హైకోర్టు వచ్చింది. 1956 నవంబరులో ఆంధ్రప్రదేశ్ ఏర్పడడంతో హైదరాబాదుకు తరలిపోయింది.