స్టూడియో లోగోల అభిమానుల భిన్నాభిప్రాయాలు

సినిమా ఆరంభంలోను, టెలివిజన్ కార్యక్రమం చివరలోను కొద్ది సెకండ్లపాటు కనిపించే నిర్మాణ సంస్థ చిహ్నాన్ని స్టూడియో లోగో అంటారు. ఈ చిహ్నాలను సేకరించి, కాలక్రమంలో వాటిలో వచ్చిన మార్పులను నమోదు చేసే అభిమానులు ముఖ్యంగా అమెరికాలో ఉన్నారు. ఏ లోగో భయంకరమైనది, ఏది అందమైనది, ఏది పనికిరానిది అన్న విషయాలలో వీరి మధ్య కొన్ని అభిప్రాయాలు స్థిరపడిపోయాయి. వాటిని అంగీకరించని వారి వాదనలే ఈ భిన్నాభిప్రాయాలు. పైకి చిన్న విషయంగా కనిపించినా, పాత కార్యక్రమాలను యథాతథంగా భద్రపరచాలా, అక్కరలేదా అన్న ప్రశ్న వీటితో ముడిపడి ఉంది.

నేపథ్యం

సినిమా లోగోల చరిత్ర మూకీ చిత్రాల కాలం నాటిది. మెట్రో గోల్డ్‌విన్ మేయర్ (ఎమ్.జి.ఎమ్.) సంస్థ సింహం నిజానికి గోల్డ్‌విన్ పిక్చర్స్ చిహ్నం. 1924లో సంస్థల విలీనం ద్వారా అది ఎమ్.జి.ఎమ్.కు సంక్రమించింది. ట్వెంటియత్ సెంచరీ ఫాక్స్ చిత్రాల ఆరంభంలో వినిపించిన సంగీతాన్ని ఆల్ఫ్రెడ్ న్యూమన్ 1933లో స్వరపరచాడు.

టెలివిజన్‌లో లోగో సాధారణంగా కార్యక్రమం చివర, పేర్ల పట్టిక ముగిసిన తరువాత వస్తుంది. సినిమా లోగోను ప్రేక్షకుడు థియేటరులో పదిమంది మధ్య కూర్చుని, రాబోయే చిత్రం కోసం ఎదురుచూస్తూ చూస్తాడు. టెలివిజన్ లోగో ఇంట్లో, కార్యక్రమం అయిపోయాక, ఒక్కొక్కసారి ఒంటరిగా ఉన్నప్పుడు కనిపిస్తుంది. అభిమానుల వివాదాలలో ఎక్కువ భాగం టెలివిజన్ లోగోల చుట్టూ తిరగడానికి ఈ తేడా ఒక కారణం.

స్క్రీన్ జెమ్స్ "ఎస్"

స్క్రీన్ జెమ్స్ కొలంబియా పిక్చర్స్ సంస్థ యొక్క టెలివిజన్ విభాగం. 1965లో ఈ సంస్థ ఒక కొత్త లోగోను ప్రవేశపెట్టింది. ఇందులో ఒక చుక్క చుట్టూ రెండు చారలు చేరి ఆంగ్ల అక్షరం "ఎస్" ఆకారం ఏర్పడుతుంది. దీనికి తోడుగా వచ్చే ఎలక్ట్రానిక్ ధ్వనిని ఎరిక్ సిడే సమకూర్చాడు. 1974లో సంస్థ పేరు కొలంబియా పిక్చర్స్ టెలివిజన్‌గా మారేవరకు ఈ లోగో వాడుకలో ఉన్నది.

అభిమానులు దీనికి "ఎస్ ఫ్రమ్ హెల్" అని పేరు పెట్టారు. "నరకం నుండి వచ్చిన ఎస్" అని దీని అర్థం. చిన్నతనంలో ఈ ధ్వని వినగానే గదిలోనుండి పారిపోయేవాళ్ళమని చెప్పేవారు అనేకులు. ఈ జ్ఞాపకాల ఆధారంగా రోడ్నీ ఆషర్ అనే దర్శకుడు 2010లో "ది ఎస్ ఫ్రమ్ హెల్" అన్న లఘుచిత్రం తీశాడు.

దీనికి ఎదురుగా వినిపించే అభిప్రాయం ఏమంటే, ఈ లోగోలో భయపెట్టే అంశం ఏదీ లేదు. గీతలు సరళమైనవి, ఆకారం సులువుగా గుర్తుండేది. అప్పటికి సింథసైజర్ ధ్వనులు సామాన్య శ్రోతలకు కొత్త కనుక ఎరిక్ సిడే కూర్పును ఒక తొలి ప్రయత్నంగా గౌరవించాలని వీరు అంటారు. ఈ లోగో "బివిచ్డ్", "ఐ డ్రీమ్ ఆఫ్ జీనీ", "ది పార్ట్రిడ్జ్ ఫ్యామిలీ" వంటి హాస్య కార్యక్రమాల చివర వచ్చేది. నవ్వులు ఆగిన వెంటనే పరిచయంలేని ధ్వని వినిపించడమే పిల్లలను బెదరగొట్టిందని, దోషం లోగోది కాదని వీరి వాదన.

1998లో సోనీ సంస్థ స్క్రీన్ జెమ్స్ పేరును సినిమా విభాగంగా పునరుద్ధరించింది. 1965 నాటి ఎస్ ఆకారాన్ని పోలిన చిహ్నాన్నే వాడింది. ఈ విభాగం "ది ఎగ్జార్సిజమ్ ఆఫ్ ఎమిలీ రోజ్" (2005) వంటి భయానక చిత్రాలను విడుదల చేసింది. ఒకప్పుడు హాస్య కార్యక్రమాల చివర పిల్లలను భయపెట్టిన ఎస్, ఆ విధంగా భయానక చిత్రాలకు ముందు కనిపించసాగింది.

వయాకామ్ "వీ"

1970లో అమెరికా ప్రసార నియంత్రణ సంస్థ చేసిన నిబంధనల ప్రకారం పెద్ద నెట్‌వర్కులు కార్యక్రమాల పునఃప్రసార వ్యాపారం చేయడానికి అప్పట్లో వీలు లేకపోయింది. ఆ కారణంగా సీబీఎస్ నుండి 1971లో వయాకామ్ విడివడింది. పాత కార్యక్రమాలను వివిధ స్టేషన్లకు అమ్మడం దీని వ్యాపారం కనుక, ఎన్నో కార్యక్రమాల చివర దీని లోగో కనిపించేది.

1976 నుండి 1986 వరకు వాడిన లోగోలో "వీ" అక్షరం ప్రేక్షకునిపైకి దూసుకువస్తున్నట్లు పెద్దదవుతుంది. అభిమానులు దీనిని "వీ ఆఫ్ డూమ్", అనగా "వినాశపు వీ", అని పిలుస్తారు. దీని సంగీతం నిజానికి ఉత్సాహభరితమైనదని, ఊరేగింపు బాజాను తలపిస్తుందని, చిత్రం లేకుండా వింటే ఎవరూ భయపడరని కొందరు వాదిస్తారు. అంతకంటే భయంకరమైనవి చాలా ఉండగా ఈ లోగోకు కేవలం పేరు వలననే ప్రసిద్ధి వచ్చిందని మరికొందరి అభిప్రాయం.

భయానికి కారణాలు

లోగోలు భయపెట్టడానికి సాధారణంగా చెప్పే కారణాలు ఇవి:

* ముందస్తు సూచన లేకుండా శబ్దం ఒక్కసారిగా పెరగడం
* ఆకారం చూసేవారి మీదికి వస్తున్నట్లు కదలడం
* మనుషులు గాని, మాటలు గాని లేని ఖాళీ తెర
* ధ్వని దేని నుండి వస్తున్నదో తెలియకపోవడం

ఈ లక్షణాలు ఉన్నంత మాత్రాన లోగో అందరికీ అయిష్టం కాదు. సినిమా థియేటర్ల ధ్వని నాణ్యతకు గుర్తయిన టి.హెచ్.ఎక్స్. లోగోలోని "డీప్ నోట్" ఇందుకు ఉదాహరణ. జేమ్స్ మూరర్ కంప్యూటర్ సాయంతో రూపొందించిన ఈ ధ్వని 1983లో "రిటర్న్ ఆఫ్ ది జెడై" చిత్రంతో తొలిసారి వినిపించింది. చెల్లాచెదురుగా మొదలైన స్వరాలు క్రమంగా ఒకే మహాశ్రుతిలో కలుస్తాయి. ఇదీ బిగ్గరగా ఉంటుంది, దీనికీ భయపడినవారు ఉన్నారు. అయినా అభిమానులలో దీనికి గొప్ప గౌరవం ఉంది.

పాతవే మేలా?

పాత లోగోలు కళాత్మకమైనవి, కంప్యూటర్‌తో చేసినవి నిర్జీవమైనవి అన్నది తరచు వినిపించే మాట. అయితే పాతవాటిలో కూడా సంప్రదాయ రూపాలనే మెచ్చుకోవడం, మార్పులను తప్పుపట్టడం కనిపిస్తుంది.

1960వ దశకం మధ్యలో ఎమ్.జి.ఎమ్. గర్జించే సింహానికి బదులు గీతలతో తీర్చిన కదలని సింహాన్ని కొద్దికాలం వాడింది. "2001: ఎ స్పేస్ ఒడిస్సీ" (1968) చిత్రంలో దీనిని చూడవచ్చును. గర్జన లేని సింహం సింహమే కాదని పలువురు భావించగా, ఆ చిత్రపు ప్రశాంతమైన ఆరంభానికి అదే తగినదని భిన్నాభిప్రాయం కలవారు అంటారు. అలాగే వార్నర్ బ్రదర్స్ తన డాలు చిహ్నాన్ని పక్కన పెట్టి, 1972 నుండి 1984 వరకు సాల్ బాస్ రూపొందించిన "డబ్ల్యు" చిహ్నాన్ని వాడింది. డాలును తొలగించడం పొరపాటని కొందరు, సంస్థ చిహ్నాలన్నిటిలో అదే ఉత్తమమైనదని మరికొందరు వాదిస్తారు.

పాత లోగోల తొలగింపు

సంస్థలు చేతులు మారినప్పుడు కొత్త యజమానులు పాత కార్యక్రమాల చివరనున్న లోగోను తీసివేసి తమ లోగోను అతికించడం పరిపాటి. అభిమానులు దీనిని "ప్లాస్టరింగ్" అంటారు. గోడమీది పాత చిత్రాన్ని సున్నంతో కప్పివేయడం వంటిదని భావం. సోనీ 1989లో కొలంబియాను కొనుగోలు చేసింది. తరువాత స్క్రీన్ జెమ్స్ కార్యక్రమాల ప్రతులు చాలావాటిలో ఎస్ స్థానంలో కొలంబియా ట్రైస్టార్ టెలివిజన్ లోగో వచ్చి చేరింది.

అభిమానులలో అధికులు ఈ పద్ధతిని నిరసిస్తారు. దీనిని సమర్థించేవారు రెండు విషయాలు చెబుతారు. మొదటిది, ప్రస్తుత హక్కుదారు ఎవరో తెలియజేయడమే లోగో పని. రెండవది, అతికించిన లోగో కూడా కొంతకాలానికి చరిత్ర అవుతుంది. 1990వ దశకంలో పెరిగినవారికి కొలంబియా ట్రైస్టార్ లోగోయే బాల్యస్మృతి.

ఈ వాదంలో కొంత నిజం ఉన్నప్పటికీ ఒక చిక్కు ఉంది. కొత్త లోగోను చేర్చడం వేరు, పాతదానిని చెరిపివేయడం వేరు. అధికారిక ప్రతులలో తొలగించిన లోగోలకు కొన్ని సందర్భాలలో ప్రేక్షకులు ఇళ్ళలో వీడియో టేపులపై రికార్డు చేసుకున్న ప్రసారాలే ఆధారాలుగా మిగిలాయి. అందమైన లోగోలను ఎవరో ఒకరు దాచుకుంటారు. వికారమైనవని, భయంకరమైనవని పేరుపడిన వాటిని కూడా శ్రద్ధగా దాచినవారిలో ఈ భిన్నాభిప్రాయాలు కలవారు ఉన్నారు.

భారతదేశంలో

మద్రాసులోని జెమిని స్టూడియో చిహ్నమైన బాకాలు ఊదే కవల బాలురు, డి. రామానాయుడు స్థాపించిన సురేష్ ప్రొడక్షన్స్ చిహ్నంలో "ఎస్", "పి" అక్షరాలపై నిలబడిన పిల్లలు తెలుగు ప్రేక్షకులకు సుపరిచితులు. టెలివిజన్‌కు సంబంధించి దూరదర్శన్ చిహ్నం ప్రసిద్ధమైనది. దీనిని అహమ్మదాబాదులోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ విద్యార్థి దేవాశిష్ భట్టాచార్య రూపొందించాడు. దానితో వినిపించే బాణీ పండిట్ రవిశంకర్ కూర్చినది. 2024లో డీడీ న్యూస్ లోగో రంగు ఎరుపు నుండి కాషాయానికి మారినప్పుడు దేశవ్యాప్తంగా చర్చ జరిగింది. లోగోలో మార్పు అభిమానులకే పరిమితమైన విషయం కాదని దీనివలన తెలుస్తున్నది.

ఇవి కూడా చూడండి

* కొలంబియా పిక్చర్స్
* మెట్రో గోల్డ్‌విన్ మేయర్
* దూరదర్శన్
* జెమిని స్టూడియో